నెల్లూరు ఎండలో టర్బో కారుకు స్పార్క్ ప్లగ్గులు: నా అనుభవం

మూడో గేర్‌లో యాక్సిలరేటర్ నిండా తొక్కితే 3,000 ఆర్‌పీఎం దాటగానే కారు ఒక కుదుపు కుదిపి, వెంటనే ఏమీ ఎరగనట్టు మళ్ళీ లాగేది. ఇంట్లోవాళ్ళను ఎక్కించుకుని మామూలుగా పోతే అసలు తెలిసేది కాదు. హైవే మీద లారీని దాటేటప్పుడు, టర్బో ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే బూస్ట్ నిండుగా వచ్చే చోట మాత్రమే ఇలా జరిగేది. మా మేస్త్రి మాటల్లో చెప్పాలంటే ‘మిస్సింగ్ కొడతా ఉంది’.

కారు 2005 మోడల్ ఆక్టేవియా వీఆర్ఎస్. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, సిలిండర్‌కు అయిదు చొప్పున 20 వాల్వులు. కంపెనీ లెక్కలో 150 హార్స్‌పవర్, 210 ఎన్ఎం టార్క్. ఇంత పాత కారు ఇంకా ఎందుకని అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. దాన్ని ఒకసారి నడిపినవాళ్ళు మాత్రం ఆ మాట అడగలేదు. చెన్నైలో ఈసీయూను (ఇంజనును నడిపించే కంప్యూటర్‌ను) రీమ్యాప్ చేయించాను, అంటే ఎక్కువ పవర్ వచ్చేలా దాని సెట్టింగులు మార్పించాను. ఎయిర్ ఫిల్టర్, టర్బో నుంచి దిగే డౌన్‌పైపు మార్పించాను. అంతకుముందు అర బార్ (ఒత్తిడి కొలత) దగ్గర ఉండే బూస్ట్ ఇప్పుడు పైన ఒక బార్ దాకా పోతోంది. పవర్ 190 దగ్గరకు వచ్చిందని ట్యూనర్ లెక్క. ఈ ఇంజనుకు ఈ స్థాయి రీమ్యాప్‌తో మామూలుగా వచ్చేది కూడా అంతే కాబట్టి నమ్మాను.

మిస్సింగ్ మొదలైనప్పుడు అందరూ ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ అందించే కాయిల్ మీదే వేలు చూపించారు. ఈ ఇంజనులో ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్ కూర్చుంటుంది. స్కానర్ పెడితే పీ0303 అని వచ్చింది, అంటే మూడో సిలిండర్లో మిస్‌ఫైర్, అక్కడ మంట సరిగ్గా అంటుకోవడం లేదు. మా మేస్త్రి ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకుని ఉన్నాడు, ఎక్కువగా డీజిల్ బండ్లు చూస్తాడు. అయినా ఆయనకు ఉన్న ఓపిక వల్లే నేను పెట్రోల్ కారును కూడా అక్కడికే తీసుకెళ్తాను. మూడో సిలిండర్ కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటో దానిది మూడో దానికి మార్చి మళ్ళీ హైవే ఎక్కాం. తప్పు కాయిల్‌లో ఉంటే కోడ్ పీ0301గా మారాలి. మారలేదు, మళ్ళీ పీ0303 అనే వచ్చింది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, పది నిమిషాలు చాలు. నాలుగు కాయిల్స్ కొనమని ఎవరైనా చెబితే ముందు ఇది చేసి చూడండి.

అప్పుడు ప్లగ్గులు ఊడదీశాం. పేపరు పరిచి వరసగా పేర్చి, పక్కన సిలిండర్ నంబర్లు రాశాను. అవన్నీ ఎన్‌జీకే పీఎఫ్‌ఆర్6క్యూ, ఈ ఇంజనుకు మామూలుగా వాడే ప్లాటినం ప్లగ్గులే. ముందు ఓనర్ ఎప్పుడు వేయించాడో తెలియదు. కొత్తలో వాటి గ్యాప్, అంటే స్పార్క్ దూకే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఖాళీ, 0.8 మి.మీ. వైర్ గేజ్ పెట్టి చూస్తే ఇప్పుడు మూడు ప్లగ్గుల్లో 0.9 దగ్గర ఉంది, మూడో సిలిండర్ దాంట్లో 0.95 కూడా సులువుగా దూరిపోతోంది. మధ్య ఎలక్ట్రోడ్ అంచులు అరిగి గుండ్రంగా అయ్యాయి. పింగాణీ రంగులో కూడా తేడా కనిపించింది. ఒకటీ నాలుగూ లేత గోధుమ రంగులో ఉన్నాయి, రెండోది కొంచెం తెలుపు. మూడోది బాగా తెల్లబడి ఉంది. భూతద్దంలో చూస్తే దాని మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలు కనిపించాయి. ఇంజనులో నాకింగ్, అంటే పెట్రోల్ మిశ్రమం క్రమంగా మండకుండా ఒక్కసారిగా పేలడం, జరుగుతోందనడానికి ఆ చుక్కలు గుర్తు. వాటి మధ్య వెండిలా మెరిసే చుక్కలు ఉన్నాయేమోనని లైటు కింద తిప్పి తిప్పి చూశాను. అవి పిస్టన్ అల్యూమినియం కరిగి అంటుకుంటే వస్తాయి. ఉంటే ఇక ప్లగ్గుల గొడవ పక్కన పెట్టి కంప్రెషన్ చూపించుకోవాల్సిందే. అవి లేవని తేలాక గాని టెన్షన్ తగ్గలేదు.

ఆ నాలుగు ప్లగ్గుల్లో నాకు రెండు వేరు వేరు సమస్యలు కనిపించాయి. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే టర్బో కార్ల వాళ్ళు ప్లగ్గుల దగ్గర తికమక పడుతున్నారని నా నమ్మకం. కుదుపు గ్యాప్‌కు సంబంధించినది. తెల్లబడటం, చుక్కలు వేడికి సంబంధించినవి. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు.

గ్యాప్ సంగతి ముందు చూద్దాం. స్పార్క్ రావాలంటే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉన్న గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని చీల్చుకుని కరెంటు దూకాలి. ఆ మిశ్రమం ఎంత ఒత్తిడిలో ఉంటే అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. గ్యాప్ పెరిగినా అంతే. నా కారులో బూస్ట్ పెంచి ఒత్తిడి పెంచాం, అరుగుదల వల్ల గ్యాప్ కూడా పెరిగింది. కాయిల్ శక్తి మాత్రం పాతదే. మామూలు నడకలో ఆ కాయిల్ సరిపోతుంది. బూస్ట్ ఒక బార్ చేరి టార్క్ గరిష్ఠంగా ఉన్న చోట సరిపోదు, అక్కడే స్పార్క్ తప్పిపోతుంది. కుదుపు ఎప్పుడూ ఆ 3,000 దగ్గరే రావడానికి కారణం ఇదే. పైన 5,500 దగ్గర బూస్ట్ కొంచెం తగ్గుతుంది కాబట్టి అక్కడ రాలేదు. టర్బో బండ్లలో గ్యాప్ తగ్గించమని చెప్పేది ఇందుకే. మరీ తగ్గిస్తే స్పార్క్ చిన్నదైపోయి ఐడ్లింగ్‌లో మంట సరిగ్గా అంటుకోదు, ఇంజను వణుకుతుంది. మిస్సింగ్ ఆగేటంత తగ్గిస్తే చాలు. 0.7 దగ్గర మొదలుపెట్టాలనుకున్నాను. ఇంకా మిస్ అయితే 0.65కు దిగవచ్చు.

ఎక్కువ రోజులు నేను తలపట్టుకున్నది హీట్ రేంజ్ దగ్గర, అంటే ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందన్న దగ్గర. ప్లగ్గు మొనకు తగిలిన వేడి పింగాణీ గుండా, లోహపు ఒంటి గుండా సిలిండర్ హెడ్‌లోకి దిగిపోవాలి. లోపలి పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి దిగడానికి దారి ఎక్కువ, మొన వేడిగా ఉంటుంది, అది హాట్ ప్లగ్. ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా దిగిపోతుంది, అది కోల్డ్ ప్లగ్. కోల్డ్ ప్లగ్ అంటే స్పార్క్ బలహీనంగా వస్తుందని మా వాళ్ళలో కొందరు గట్టిగా వాదించారు. అది నిజం కాదు, స్పార్క్‌కూ హీట్ రేంజ్‌కూ సంబంధం లేదు. మొన సుమారు 450 డిగ్రీలు దాటి ఉండాలి, లేకపోతే మసి కాలిపోదు, పేరుకుంటుంది. 850 డిగ్రీల చుట్టుపక్కల దాటితే మొనే నిప్పుకణికలా మారి, స్పార్క్ రాకముందే పెట్రోల్‌ను అంటిస్తుంది. బూస్ట్ నిండా ఉన్నప్పుడు అలా జరిగితే పిస్టన్‌కు చిల్లు పడటానికి ఎక్కువసేపు పట్టదు.

ఎన్‌జీకే ప్లగ్గుల్లో నంబరు పెరిగితే చల్లన. 6 కంటే 7 చల్లన, 7 కంటే 8 చల్లన. ఒక్కో నంబరుకు 70 నుంచి 100 డిగ్రీల తేడా వస్తుందని ఆ కంపెనీయే చెబుతుంది. అదనంగా వచ్చిన ప్రతి 75 నుంచి 100 హార్స్‌పవర్‌కు ఒక నంబరు చల్లగా పొమ్మని కూడా వాళ్ళ సూచన. నాకు పెరిగింది 40. ఆ లెక్కన 6 మీదే ఉండాలి. ట్యూనర్ 7 వేయమన్నాడు. ట్రాక్ మీద కారు తోలే మిత్రుడొకరు 8 వేసేయ్, భయం ఉండదన్నారు. మేస్త్రి మాత్రం, “అబ్బయా, కంపెనీవాడు ఎంతో చూసి పెట్టిన నంబరు అది, దాన్ని ఎందుకు కదిలిస్తావు?” అన్నాడు. “కంపెనీవాడు అర బార్‌కు చూసి పెట్టాడన్నా, మనం ఒక బార్ చేశాం కదా” అన్నాను. కాసేపు ఆలోచించి, “అయితే లెక్క తీసి చూడు మరి, నోటి మాటలతో ఎట్టా తేలద్ది” అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

లెక్క తీయడానికి, ఈసీయూలోని అంకెలను ల్యాప్‌టాప్‌లో చూపించే వీసీడీఎస్ కేబుల్ ఉంది. ఈ ఇంజనులో 020 బ్లాక్ తెరిస్తే నాకింగ్ వల్ల ఒక్కో సిలిండర్‌కు ఈసీయూ ఎన్ని డిగ్రీల టైమింగ్ (స్పార్క్ వచ్చే సమయం) వెనక్కు లాగుతోందో కనిపిస్తుంది. 015, 016 బ్లాకుల్లో మిస్‌ఫైర్ల లెక్క, 115లో అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ ఉంటాయి. ఇంటేక్‌లోకి పోయే గాలి వేడి కూడా చూడొచ్చు. తెల్లవారుజామున నెల్లూరు దాటి కావలి వైపు హైవే ఖాళీగా ఉన్నప్పుడు పక్క సీట్లో తమ్ముడు ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చుంటే, మూడో గేర్‌లో 2,000 నుంచి 4,500 దాకా తొక్కి వదిలేవాణ్ణి. 95 ఆక్టేన్ పెట్రోలే పోయించి, ప్రతిసారీ ఒకే బంకులో నింపించాను. లేకపోతే ఏ తేడా దేని వల్ల వచ్చిందో తెలియదు.

చల్లటి పొద్దున మూడో సిలిండర్లో టైమింగ్ 3 డిగ్రీలు వెనక్కు పోతోంది. ఇది కంగారు పడాల్సింది కాదు. అదే మే నెల మధ్యాహ్నం, చెన్నై నుంచి తిరిగి వస్తూ చూస్తే 6 డిగ్రీలు దాటింది, ఇంటేక్ గాలి వేడి 75 డిగ్రీలకు పైన చూపించింది. నెల్లూరులో మే నెలలో 44 డిగ్రీలు మాకు కొత్త కాదు. యూరప్ వాతావరణానికి కుదిరే చిన్న ఇంటర్‌కూలర్ పక్క చక్రం ముందు దాక్కుని ఉంటుంది. ఆ ఎండలో, వెనక నుంచి వేడి కొట్టే రోడ్డు మీద, అది గాలిని ఎంతని చల్లబరుస్తుంది? హార్స్‌పవర్ లెక్క ఒక్కటే చూస్తే 6 చాలు. ఇక్కడి ఎండ, నూటపాతిక కిలోమీటర్లు ఆపకుండా పోయే ఒంగోలు రోడ్డు, మూడో ప్లగ్గు మీద ఆ చుక్కలు కూడా లెక్కలోకి తెస్తే 7 వైపు మొగ్గు వచ్చింది.

8 ఎందుకు కాదంటే, నా కారు రోజూ హైవే మీద ఉండదు. వారంలో ఎక్కువ రోజులు ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల దగ్గరికి పోయి రావడమే పని. ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో పాకి, పల్లె రోడ్ల మీద రెండు, మూడు గేర్లలో నిదానంగా పోయి, గట్టు మీద ఇంజను ఆన్‌లో పెట్టి ఏసీలో కూర్చోవడం. అలాంటి నడకలో 8 నంబరు మొన 450 డిగ్రీలు చేరదు. మసి పట్టి, పొద్దున స్టార్టింగ్‌లోనే మొరాయిస్తుంది. ట్రాక్ కారుకు అదే సరైన ప్లగ్గు కావచ్చు, చెరువుల కారుకు కాదు.

కొనేటప్పుడు జాగ్రత్తగా ఉండాల్సింది నంబర్ల దగ్గర. డెన్సో కూడా ఎన్‌జీకే లాగే నంబరు పెరిగితే చల్లన, కాకపోతే వాళ్ళవి 16, 20, 22, 24 ఇలా పోతాయి. ఎన్‌జీకే 6 అంటే డెన్సో 20, 7 అంటే 22. బాష్ దగ్గర పూర్తిగా తిరగబడుతుంది, అక్కడ నంబరు పెరిగితే వేడి. మా నాన్న తరం వాళ్ళందరికీ మైకో ప్లగ్గు అంటే ప్రాణం. ఇప్పటి బాష్ కంపెనీయే అప్పటి మైకో. ఆ అలవాటుతో “7 నంబరు ఏదైనా ఒకటే కదా” అని కౌంటర్ మీద బాష్ 7 పెడితే, చల్లగా పోదామనుకున్నవాడు ఉన్నచోటే ఉంటాడు, లేదా ఇంకా వేడి వైపు పోతాడు. కంపెనీ మారితే నంబరును కాదు, మార్పిడి పట్టికను చూడాలి.

మిగతా అక్షరాలు కూడా చదవడం నేర్చుకున్నాను. నేను తీసుకున్నది బీకేఆర్7ఈ. బీ అంటే మరచుట్టు 14 మి.మీ., కే అంటే పానా సైజు 16 మి.మీ., ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది, 7 హీట్ రేంజ్, ఈ అంటే మరల పొడవు 19 మి.మీ. వీటిలో హీట్ రేంజ్ తప్ప ఏదీ మన ఇష్టం కాదు. మరల పొడవు తక్కువైతే మంట సరైన చోట అంటుకోదు, ఎక్కువైతే పిస్టన్‌కు తగులుతుంది. రెసిస్టర్ లేని ప్లగ్గు వేస్తే దాని నుంచి వచ్చే విద్యుత్ రొద ఈసీయూకు, సెన్సర్లకు అడ్డం పడుతుంది. చివర 11 అని ఉంటే గ్యాప్ 1.1 మి.మీ. అని అర్థం, టర్బో కారుకు అది పనికిరాదు.

ఇరీడియమా, మామూలు నికెలా అన్న దగ్గర చాలామంది ఇరీడియం అనేస్తారు. దాని గొప్ప నిజమే. ఇరీడియం 2,446 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1,768 దగ్గర, నికెల్ 1,455 దగ్గర. అందుకే ఇరీడియం మొనను సన్నగా చేయగలుగుతారు, సన్నటి మొన నుంచి తక్కువ వోల్టేజీతో స్పార్క్ దూకుతుంది, అరుగుదల కూడా నిదానం. నేను మాత్రం మొదట నికెల్ ప్లగ్గులే కావాలనుకున్నాను. నాకు ఇంకా గ్యాప్ తేలలేదు, హీట్ రేంజ్ తేలలేదు. ఆ ప్రయోగంలో గ్యాప్ సరిచేస్తూ ఇరీడియం మొనకు గేజ్ తగిలితే విరిగిపోతుంది. నికెల్ దాన్ని ఎన్నిసార్లయినా సవరించుకోవచ్చు, ధర కూడా చాలా తక్కువ. నంబరు ఖాయమయ్యాక ఇరీడియం కొనుక్కోవచ్చు. బజారులో ఈ నికెల్ ప్లగ్గునే కాపర్ ప్లగ్ అంటారు. లోపల రాగి అన్నింట్లోనూ ఉంటుంది, దీని మొన మాత్రం నికెల్ మిశ్రమమే.

నెల్లూరులో 6 నంబరు దొరికింది కానీ 7 లేదు. చెన్నై జీపీ రోడ్డులో బిల్లు ఇచ్చే డీలర్ దగ్గర తెచ్చుకున్నాను. నకిలీలు బాగా తిరుగుతున్న వస్తువు ఇది. పెట్టె మీద అచ్చు మసకగా ఉన్నా, పింగాణీ మీద అక్షరాలు గోటితో గీస్తే చెరిగినా, మరల అంచులు గరుకుగా ఉన్నా, కింద అడ్డం వంగిన ముక్క మధ్య ఎలక్ట్రోడ్‌కు సరిగ్గా ఎదురుగా లేకపోయినా తిరిగి ఇచ్చేయండి. బిల్లు లేకుండా సగం ధరకు ఇస్తానన్న చోట నేను ఆగనే లేదు.

బిగించే పని నేనే చేశాను, మేస్త్రి పక్కన నిలబడ్డాడు. ఇంజను పూర్తిగా చల్లారాలి. అల్యూమినియం హెడ్ వేడిగా ఉండగా ప్లగ్గు విప్పితే మరలు దెబ్బతింటాయి. కాయిల్స్ తీశాక, ప్లగ్గు విప్పకముందే ఆ గుంటల్లోకి కంప్రెసర్ గాలి కొట్టాం. చెరువు గట్ల దుమ్ము అక్కడ ఎంత ఉందో అప్పుడు తెలిసింది, అది సిలిండర్లోకి పడితే చేజేతులా చెడగొట్టుకున్నట్టే. నాలుగింటికీ గ్యాప్ 0.7 పెట్టాను. అడ్డం ముక్కను మాత్రమే కదిలించాలి, మధ్య ఎలక్ట్రోడ్ మీద ఆనించి ఎత్తకూడదు. మొదటి కొన్ని చుట్లు చేత్తోనే, పానా చివర రబ్బరు గొట్టం పెట్టి తిప్పాను. మర తప్పుగా పడితే రబ్బరు జారిపోతుంది, హెడ్ బతుకుతుంది. చివర టార్క్ రెంచ్‌తో 30 ఎన్ఎం. రెంచ్ లేనివాళ్ళు కొత్త వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్గును చేత్తో బిగిసేదాకా తిప్పి, ఆ పైన పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పితే సరిపోతుంది. మరలకు గ్రీజు పూయబోతే వద్దన్నానని మేస్త్రి ఆశ్చర్యపోయాడు. ఎన్‌జీకే మరలకు పూత ముందే ఉంటుంది. గ్రీజు పూస్తే అదే 30 దగ్గర ప్లగ్గు మరీ ఎక్కువ బిగిసిపోతుంది.

మర్నాడు తెల్లవారి అదే రోడ్డు, అదే గేర్. 3,000 దాటింది, 3,500 దాటింది, కుదుపు లేదు. తమ్ముడు ల్యాప్‌టాప్ వైపు చూసి “అన్నా, అన్నీ సున్నాలే” అన్నాడు. మిస్‌ఫైర్ లెక్క నాలుగు సిలిండర్లలోనూ సున్నా. మనసు నిండిపోయింది. ఇందులో ఎక్కువ భాగం గ్యాప్‌దే.

నాకింగ్ లెక్క అంత గొప్పగా మారలేదు. మళ్ళీ మండుటెండలో చూస్తే మూడో సిలిండర్ 6 నుంచి 4.5 దగ్గరకు వచ్చింది. తగ్గింది కానీ పోలేదు. ఇంటేక్ గాలే 75 డిగ్రీలు ఉంటే దాన్ని ప్లగ్గు ఎలా చల్లబరుస్తుంది? ప్లగ్గు తన మొనను మాత్రమే కాపాడుకుంటుంది. నాకింగ్ పూర్తిగా తగ్గాలంటే ఇంటర్‌కూలర్ పెద్దది కావాలి, లేదా ట్యూనర్ బూస్ట్ కొంచెం దించాలి. కోల్డ్ ప్లగ్గు వేశాం కదా అని బూస్ట్ ఇంకా పెంచమనేవాళ్ళు కనిపిస్తే మాత్రం ఒప్పుకోకండి.

తర్వాత కొన్ని వారాలు చెరువుల రోడ్డు మీదే తిప్పి మళ్ళీ ఊడదీశాను. పింగాణీ అడుగున పొడి మసి పలచగా ఉంది, మొన దగ్గర శుభ్రంగానే ఉంది. ఒంగోలు పోయి వచ్చాక చూస్తే ఆ మసి కూడా చాలావరకు కాలిపోయి లేత గోధుమ రంగు తేలింది, మూడోదాని మీద కొత్త చుక్కలు లేవు. నా నడకకు 7 సరిపోయిందని అప్పుడు ఖాయం చేసుకున్నాను. మసి తడిగా, నూనె జిడ్డుగా ఉండి ఉంటే అది హీట్ రేంజ్ సంగతి కాదు, వాల్వ్ సీళ్ళో రింగులో చూసుకోవాలి.

ఇప్పుడు ఈ నికెల్ ప్లగ్గులను 15,000 కిలోమీటర్లకు మార్చేయాలని పెట్టుకున్నాను, మధ్యలో ఒకసారి గ్యాప్ చూస్తాను. ఆ తర్వాత ఇదే కొలతలో ఇరీడియం రకం బీకేఆర్7ఈఐఎక్స్ వేస్తాను. రీమ్యాప్ లేకుండా కంపెనీ బూస్ట్‌తోనే తిరిగే మా ఊరి ఇంకో ఆక్టేవియా ఆయన నన్ను చూసి 7 వేయించుకోబోతే ఆపాను. ఆయనకు 6 చాలు, గ్యాప్ 0.8 ఉంటే చాలు. నాకైతే వచ్చే మార్చి లోపు ముందు బంపర్ వెనక పెద్ద ఇంటర్‌కూలర్ కూర్చోబెట్టాలి. దానికి గొట్టాలు చేసిపెట్టే వెల్డర్ కోసం మేస్త్రి, నేను వెతుకుతున్నాం.